సెడ్రిక్ ఆపని సోలో

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి కచేరీ మొదలుపెట్టాలి, నాలుగున్నరకు ముగించాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఇంగ్లండ్‌లో, లింకన్‌షైర్ తీరంలో ఒక బస ఇంట్లో, టోస్ట్ మీద బీన్స్ వేసుకుంటూ ‘కాపర్ హెరన్’ బృందం వేసుకున్న పథకం ఇది. వాయించేవాళ్లకూ వినేవాళ్లకూ డెబ్బై దాటాక రాక్ సంగీతం మధ్యాహ్నపు వ్యవహారమైపోయింది.

"కచేరీ అయ్యాక బార్నబీ నీకో సంగతి చెబుతాడ్రా," అన్నాడు పాటగాడు గ్విన్, ఆర్గన్ వాయించే సెడ్రిక్‌తో.

"ఇప్పుడే చెప్పొచ్చుగా?"

డ్రమ్మర్ బార్నబీ ప్లేటులోంచి తలెత్తలేదు. "ముందు తినరా," అన్నాడు.

సెడ్రిక్ ప్లేటు పక్కకు జరిపాడు. యాభై ఒక్క ఏళ్లలో ఆ బృందం నుంచి ఏడుగురు వెళ్లిపోయారు. ఏడుగురూ అతను ఒంటరిగా సోలో వాయిస్తుండగానే వెళ్లిపోయారు. అందులో వింతేమీ లేదు. వాళ్ల పాట ఒక్కొక్కటి ముప్పావు గంట. అందులో ఆర్గన్ సోలోయే పంతొమ్మిది నిమిషాలు. ఆ కాసేపూ మిగతావాళ్లు తెర వెనక్కి పోయి టీ తాగుతారు. తీరిక దొరికేది అప్పుడే కనుక పోట్లాటలూ, వీడ్కోళ్లూ అక్కడే జరిగేవి. సోలో ముగించి సెడ్రిక్ వెనక్కి తిరిగేసరికి ఒక మనిషి తక్కువుండేవాడు. లీడ్స్ నగరంలో ఒకసారి ఎవరూ లేరు. డ్రమ్స్ కూడా లేవు. ఇప్పుడు మిగిలింది ముగ్గురు. ఇంకొకడు పోతే బృందమే ఉండదు.

ఆ మధ్యాహ్నం సోలో ఎనిమిదో నిమిషంలో అతను తెర సందులోంచి చూశాడు. బార్నబీ కోటు తొడుక్కుని, సంచి చంకన పెట్టుకుని నిలబడ్డాడు. గ్విన్ అతన్ని కావలించుకుని వీపు తడుతున్నాడు.

అప్పుడే సెడ్రిక్‌కు, ఇన్నేళ్లూ తట్టని ఆలోచన ఒకటి తట్టింది. సోలో ముగిస్తేనే కదా మనిషి తగ్గేది?

అతను ముగించలేదు.

పంతొమ్మిదో నిమిషానికి ఇద్దరూ తిరిగొచ్చి సైగ కోసం చూశారు. ఆఖరి పాట వాయించి పోదామని వచ్చారనుకుని సెడ్రిక్ తల అడ్డంగా ఊపాడు.

"విషయం వీడికెవరో ఊదేశారు, కసి తీర్చుకుంటున్నాడు," అని గొణిగాడు గ్విన్. చేతి గడియారం వేలితో కొట్టి చూపించాడు. మన కాలం తీరిపోయిందంటున్నాడని సెడ్రిక్‌కు అర్థమైంది. మరో వరస ఎత్తుకున్నాడు. నలభయ్యో నిమిషంలో బార్నబీ కాళ్లు తిమ్మిరెక్కి లేచాడు. సెడ్రిక్ వేగం పెంచాడు. హాలు కాపలాదారు విసిగి దీపాలార్పేశాడు. అదీ ప్రదర్శనలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. చివరికి టీషర్టులమ్మే గ్విన్ అక్క బెరిల్ వేదికెక్కి ఆర్గన్ వైరు పీకేసింది. అప్పటికి గంటా ఆరు నిమిషాలైంది.

"పోవద్దురా బార్నబీ," అన్నాడు సెడ్రిక్ చీకట్లో.

"ఎక్కడికి?"

"కోటూ సంచీ చూశాన్లే."

"తెర వెనక చలిరా! అది నడుముకి పెట్టుకునే వేడినీళ్ల సంచి!"

"మరి ఆ కావలింతలు?"

గ్విన్ గొంతు సవరించుకున్నాడు. "నీ సోలో తగ్గించమని చెప్పే వంతు వాడికొచ్చింది. ధైర్యం చెబుతున్నా. ఆదివారం ఆఖరి బస్సు ఐదింటికే. ప్రతిసారీ పరిగెత్తలేక చస్తున్నామని జనం మొత్తుకుంటున్నారు."

"ఎంతకి తగ్గించాలి?"

"నాలుగు నిమిషాలకి."

"నాలుగున్నరైనా పర్లేదు," అన్నాడు బార్నబీ.

"అయితే పోయేది నేనే," అని సెడ్రిక్ కోటు తొడుక్కుని బయటికి నడిచాడు.

బస్టాపులో ముప్పైమంది శ్రోతలు వానలో నిలబడి ఉన్నారు. బస్సు ఎప్పుడో పోయింది.

"అంతా నీ వల్లే," అంది ఒకావిడ, గొడుగు సగం అతని మీదికి జరుపుతూ. "కానీ ఆ చివర్లో వాయించావు చూడు, ఏడుపాగలేదయ్యా."

ఇంతలో బెరిల్ వ్యాన్ వచ్చి ఆగింది. "వీళ్లందర్నీ విడతలుగా దించాలి. ఎక్కవయ్యా, ఇళ్ల దారి అడిగి చెప్పడానికి నాకో మనిషి కావాలి!"

లోపల్నించి బార్నబీ చెయ్యి అందించాడు. సెడ్రిక్ పట్టుకుని ఎక్కాడు.

ఆ బృందం నుంచి ఎనిమిదో నిష్క్రమణ, అంటే సెడ్రిక్‌ది, పదకొండు నిమిషాలు సాగింది. యాభై ఒక్క ఏళ్లలో సెడ్రిక్ అంత త్వరగా ముగించిన పని మరొకటి లేదు.