పసుపు బొటనవ్రేలి మహాసంగ్రామము

వకీళ్ల నాలుకలపై నాట్యమాడి ఆడి అలసిన వాగ్దేవీ, ఇంకొక్కపరి ఓర్చుకొని ఈ గాథ పలికింపుము తల్లీ. మంజీరాజలపరిపుష్టమై, ఇక్షువనశ్యామలమై, చక్కెర కర్మాగారపు సైరనే కాలచక్రముగా గల బోధనపురమున, స్త్రీలు తమ ఆస్తిని తమకు నచ్చినవారికి వ్రాసి ఇయ్యవచ్చునని చట్టము వచ్చిన కొన్నేండ్లకు, ఒక కార్తిక శుక్రవారపు సాయంకాలమున జరిగిన ఘోరసంగ్రామమిది.

మన వీరుడు ఆత్మారాం వకీలు. గుమాస్తా లేని ఏకాకి గనుక తానే సేనాపతి, తానే కాల్బలము, వ్యాజ్యారణ్యకంఠీరవుడు, వీలునామారచనాధురంధరుడు, మోచేతుల వద్ద చిరిగిన నల్లకోటే ఆయనకు వజ్రకవచము. అట్టి మహానుభావుడు ఆ పొద్దు రిజిస్ట్రీ కచ్చేరిలో ఒక బొటనవ్రేలి యెదుట నిలిచి చెమటలు గ్రక్కుచుండెను.

ఆ వ్రేలు ఎడపల్లి లింగవ్వది. తండ్రి నుండి సంక్రమించిన పసుపు చేనును ఆమె తన కోడలు రేణుకమ్మకు వ్రాయింపవచ్చినది. కొడుకు పోయినాడు, వానికి పిల్లలు లేరు. వీలునామా లేకున్న, అత్త కన్నుమూసిన మరునాడే పుట్టింటి ఆస్తి తమదేనని మేనల్లుళ్లు వచ్చి ఆ పిల్లను గట్టు కూడ తొక్కనీయరని ఊరంతా ఎరుగును. రేణుకమ్మ గోడవార నిలబడి నేల చూచుచుండెను. సాక్షులు సిద్ధము, కాగితము సిద్ధము. అయితే శుభకార్యమునకు వట్టి చేతులతో పోరాదని, లింగవ్వ నువ్వులనూనెలో పసుపు కలిపి మోచేతిదాక పట్టించుకొని వచ్చినది. నల్లసిరా ఆ నూనెపై నిలువక జారిపోయెను. చిత్తు కాగితముపై ఎన్ని మార్లు అద్దినను పచ్చని మరకయే తప్ప ముద్ర పడలేదు.

సబ్ రిజిస్ట్రారు రామస్వామి కళ్లజోడు సవరించుకొనెను. "గీతలు కనవడ్తలేవు. అసలు కాయిదం మీద గిట్లనే పడితె చెల్లదమ్మా. చెయ్యి కడుక్కొని రా. సైరన్ కూసేదాకనే ఉంట, రేపట్నుంచి సెలవుల పోతున్న."

"కడగ," అన్నది లింగవ్వ. "శుక్రారం పూట, మా ముసలాయన బతికుండంగ పసుపెట్ల కడుక్కుంట? నా కోడలి సేతులు గట్లనే కడిగిండ్రు. నేను సూసిన."

చట్టమును గెలిచినవారున్నారు గాని పసుపును గెలిచినవారు లేరు. అయినను మన వీరుడు అద్దుడు కాగితమును అస్త్రముగా ప్రయోగించెను; సుద్దపొడి చల్లెను. పసుపు చెక్కుచెదరక, ఆయన కోటు కఫ్ఫునే కబళించెను. అంతట ఆయన భుజమెత్తి, మేఘగంభీరస్వరమున గర్జించెను:

"ఓ హరిద్రాతైలలేపితదుర్భేద్యాంగుష్ఠమా! ఏ న్యాయపీఠమునకు వెరవని నన్ను ఇట్లు పరాభవించుట నీకు తగునా?"

"వకీల్‌సాబ్," అన్నది లింగవ్వ జాలిగా, "నాకేం సమజ్ గాలె. తెలుగుల చెప్పు."

వకీలు గాలి తీసుకొని నేలకు దిగెను. "అవ్వా, ఈ పసుపు నీకు ఎవలతోని వచ్చింది?"

"మా ముసలాయనతోని."

"ఇచ్చినాయన బతికే ఉన్నడు గద. ఆయనే తుడిచి, మల్ల ఆయనే పెడ్తె, పసుపు పోయినట్టా, ఉన్నట్టా?"

లింగవ్వ చాలసేపు ఆలోచించినది. ఏ జడ్జి కూడ ఆయన వాదమునంత శ్రద్ధగా వినలేదు.

"ఉన్నట్టే," అన్నది. "పిల్వు గాయ్నను."

వకీలు బాణమై బయటపడెను. చెరకు దించి వచ్చిన బండి మీద, ఎడ్ల పగ్గములు పట్టుకొని, లింగవ్వ పెనిమిటి లింబయ్య చెరకుముక్క నమలుచుండెను.

"నేను దిగితె ఎడ్లు ఆగయి సారూ. సైరన్ కూస్తె బెదుర్తయి."

"ఎడ్లను నేను పట్టుకుంట. నువ్వు పోయి పెండ్లాం చెయ్యి పట్టుకో, బాపూ."

అంతలో సైరన్ మ్రోగెను! ఎడ్లు రంకెవేసెను. వ్యాజ్యారణ్యకంఠీరవుడు పగ్గములకు వ్రేలాడుచు ధూళిధూసరితుడై కచ్చేరి చుట్టు ప్రదక్షిణము చేయుచుండగా, లోపల లింబయ్య తన రుమాలుతో ఆలి బొటనవ్రేలిని పసిపాప మూతి తుడిచినంత మెల్లగా తుడిచెను. ముద్ర పడెను. లేవబోయిన రిజిస్ట్రారు, "గీతలొచ్చినయ్," అని మరల కూర్చొని సంతకము చేసెను. లింబయ్య ఆమె కొంగుముడి విప్పి పసుపు తీసి, ఆ వ్రేలికి మరల రాసెను.

లింగవ్వ మిగిలిన పసుపును వీలునామా మూలలకు అద్దినది.

"ఆఫీసు కాయిదమమ్మా అది," అని రామస్వామి మొత్తుకొనెను.

"లోపలంత నేను సచ్చినంక, సచ్చినంక అని రాసిండు వకీల్‌సాబ్. జర శుభం ఉండాలె గద."

ఆపై ఆమె రేణుకమ్మ చేయి లాగి, అరచేతిలో చిటికెడు పసుపు పెట్టినది. ఆ పిల్ల వెనుకకు గుంజుకొన్నది.

"పసుపు సేను నీది గాబోతుంది. తవ్వేది నువ్వే, ఉడికిచ్చేది నువ్వే. నీ సేతులకు పసుపొద్దనేటోడు ఎవడే?"

రేణుకమ్మ పిడికిలి మూసికొన్నది. ఆమె ఏడ్చినది, ఈ గాథ చెప్పు మేమును కొంచెము ఏడ్చితిమి.

ఇట్లు చింతగింజంత ముద్ర కొరకు జరిగిన మహాయుద్ధమున ధర్మము జయించెను. జయించిన వీరుడు మాత్రము ఆ జయమును చూడనే లేదు. ఎడ్లు అలసి ఆగిన చోట, చింపిరి కోటుతో, వాటికి చెరకాకు తినిపించుచుండెను.