వైరస్ ఉద్యోగాన్ని పర్మనెంట్ చెయ్యాలి!

ఈ జిల్లాలో ఉత్తమ ఉద్యోగి అవార్డు ఎవరికైనా ఇవ్వాలంటే కంప్యూటర్ వైరస్‌కే ఇవ్వాలి! నవ్వకండి. అది సెలవు పెట్టదు, టీకి పోదు, బల్ల కింద చెయ్యి చాపదు. అన్నిటికీ మించి, కంటబడిన కాగితాన్ని ఆ క్షణమే పైకి పంపిస్తుంది. ఇన్ని సుగుణాలున్నవాళ్ళు మీ ఆఫీసులో ఎందరున్నారో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి!

అనుమానముంటే గంగాదేవిని అడగండి. పామిడి అవతల, పెన్న ఒడ్డున ఉన్న చిన్న పల్లె ఆమెది. రెండువేల ఒకటిలో వానాకాలం పేరుకే వచ్చింది. ఊరి బోరు ఎండిపోయింది. ఆడవాళ్ళు ఏటి ఇసకలో చెలమలు తవ్వుకుని, గరిటెతో తోడుకుంటే బిందె నిండేసరికి సగం పొద్దు పోయేది. వాళ్ళకు కావలసింది ఒక్క నీళ్ళ ట్యాంకర్. ఊరంతా వేలిముద్రలు వేసిన అర్జీ పట్టుకుని గంగాదేవి అనంతపురం బస్సెక్కింది.

ఏ ఆఫీసంటారా? పేరెందుకు లెండి, పాపం నొచ్చుకుంటారు. ఆపరేటర్ పద్మప్రియ అర్జీని చక్కగా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. సూపరింటెండెంట్ దివాకర్ చూస్తానన్నాడు. ఆ తర్వాత గంగాదేవి ఎప్పుడొచ్చినా ఒకటే జవాబు.

"నడుస్తాండాది లేమ్మా నీ ఫైలు."

"యాడికి నడుస్తాండాది సారూ? నేను పామిడి నుంచి ఇన్నిసార్లు వచ్చిపోతి, అది ఈ బల్ల కూడా దాటలేదే!"

ఆమెకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంట మీద పోసుకుందామన్నా ఇంట్లో చెంబెడు నీళ్ళు లేవు.

దివాకర్ చెడ్డవాడేం కాదు, జాగ్రత్త మనిషి. ఈమెయిల్ వచ్చినా ప్రింటు తీయించి, ముద్ర కొట్టించి, నంబరు వేయించి, ఫైల్లో పెట్టించి, దారం కట్టించేవాడు. ఆ ముడి పడ్డాక ఏ వైరస్ బతుకుతుంది చెప్పండి? దేశదేశాల ఆఫీసులు అల్లాడిపోతున్నా ఈ ఆఫీసు మాత్రం చెక్కుచెదరలేదు!

అలాంటి మనిషీ ఒకరోజు జారిపోయాడు. హైదరాబాద్ పెద్దాఫీసు పేరుతో మెయిల్ వచ్చింది. 'ఈ ఫైలు చూసి మీ సలహా చెప్పగలరు' అని ఇంగ్లీషులో ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో దివాకర్‌ను సలహా అడిగిన నాథుడు లేడు. ఇంట్లో కూర ఏం వండమంటారని కూడా అడగరు! ఆయన కళ్ళు చెమర్చాయి. పద్మప్రియ "వద్దు సార్, అట్లాంటి మెయిళ్ళలో వైరస్ వస్తాంది" అంటున్నా వినకుండా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మౌస్ తానే పట్టుకుని నొక్కాడు.

అంతే! వైరస్ డ్యూటీలో చేరింది. ఆ రకం వైరస్‌కు ఒక అలవాటుంది. కంప్యూటర్‌లో ఏదో ఒక ఫైలు తీసుకుని, దొరికిన ఈమెయిల్ అడ్రసులన్నిటికీ పంపించేస్తుంది. అందులో దివాకర్ టి.ఏ. బిల్లులున్నాయి, ఆయన బావమరిది కల్యాణ మండపం కరపత్రముంది. వాటి జోలికి పోలేదు. నేరుగా గంగాదేవి అర్జీని పట్టుకుంది! జిల్లాలోని పెద్దాఫీసులకు, హైదరాబాద్‌కు, పేపర్ల వాళ్ళకు, చివరికి కుర్చీలు సప్లై చేసే షాపుకు కూడా పంపింది.

మరి మనుషులేం చేశారు? కంప్యూటర్‌కు బాగాలేదని తెలియగానే అందరూ వచ్చి పరామర్శించి, ఇక పని కుదరదని తేల్చుకుని క్యాంటీన్‌కు నడిచారు. ఒక సెక్షను మొత్తం మ్యాట్నీకి పోయింది. కంప్యూటర్‌ను ఏనాడూ ముట్టనివాళ్ళ పని కూడా వైరస్ వల్లే ఆగింది. బీరువా తాళం తియ్యకపోవడానికీ అదే కారణం!

బయట మాత్రం కలకలం రేగింది. ఒకే అర్జీ ఇందరికి వచ్చేసరికి అధికారులు హడలిపోయారు. దీని వెనక ఎవరో పెద్ద తలకాయ ఉంది, లేకపోతే ఇంతమందికి కాపీలు ఎందుకు పోతాయి? మనకెందుకొచ్చిన గొడవ అని ఎవరికివారు ఒక్కో ట్యాంకర్ తోలించారు. తెల్లారేసరికి ఊరి ముందర ట్యాంకర్లు బారులు తీరాయి. బిందెలు నిండాయి, తొట్లు నిండాయి, గొర్రెలు కడుపారా తాగాయి. గంగాదేవి ఎన్నాళ్ళకో తలంటుకుంది. నెత్తిన చల్లటి నీళ్ళు పడగానే ఆమెకు ఏడుపొచ్చింది.

ఇంత మంచి జరిగాక ఆఫీసు చూస్తూ ఊరుకుంటుందా? విచారణ మొదలైంది. సంతకం లేకుండా కాగితం ఎలా కదిలింది? పద్మప్రియకు మెమో ఇచ్చారు. వీరేష్ అనే కంప్యూటర్ మెకానిక్‌ను పిలిపించి వైరస్‌ను తుడిచిపెట్టించారు. పద్ధతి ప్రకారం రాని నీళ్ళు గనక ట్యాంకర్లూ ఆపించారు.

రెండ్రోజులకే గంగాదేవి ఉడకబెట్టిన శెనక్కాయలు కొంగున కట్టుకుని దిగింది.

"పాపా, మా కాయితం పంపిన సారు యాడుంటాడు? ఇవి ఆయప్ప చేతిలో పెట్టి, ట్యాంకర్లు ఎందుకు నిలిపినారో అడిగి పోతా."

"సారు కాదక్కా," అంది పద్మప్రియ తల దించుకుని. "కంప్యూటర్‌లో దూరే పురుగు లాంటిది, వైరస్ అంటారు. అదే పంపింది. దాన్ని మొన్ననే తీసేసినారు."

"తీసేసినారా! పని చేసిందని తీసేసినారా?" గంగాదేవి దివాకర్ బల్ల ముందుకు వచ్చి నిలబడింది. "ఇంతమంది మనుషులు కూర్చోనుండారు. మా కష్టం ఒక పురుగుకు తెలిసింది, మీకు తెలీలేదా సారూ?"

దివాకర్ ముందున్న ఫైలు దారం ఇంకాస్త బిగించి కట్టాడు.

"ఆ పురుగునే మళ్ళీ పిలిపించండి సారూ. దానికి జీతం మా ఊరోళ్ళు ఇచ్చుకుంటాం."

దివాకర్ కళ్ళజోడు సవరించుకున్నాడు. "నోటిమాటగా అడిగితే ఎట్లమ్మా? అర్జీ రాసిచ్చిపో. పరిశీలిస్తాం."