నీలం ప్లేటు, నలభై ఒక్క సలహాలు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. నేను లేని రోజు మా గౌరి ఆకలితో పడుకుంటుంది.

నిజానికి ఇలా భయపడటం నా తెలివితక్కువతనం. చుట్టూ ఇంతమంది సలహాలిచ్చేవాళ్ళు ఉండగా భయమెందుకు? అందుకే ఈ రోజు మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. ఆటిజం ఉన్న బిడ్డ పుట్టిన ఇంటికి ఉచిత సలహాను మించిన వరం లేదు! అడగక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు, గడప దాటి లోపలికి వచ్చి మరీ కూర్చుంటుంది.

ముందు మా పిల్ల సంగతి చెప్పాలి. గౌరికి ఆరేళ్ళు. తినేవి ఐదు. చట్నీ తగలని ఇడ్లీ. తాలింపు వేయని పెరుగన్నం. ఉప్పు మాత్రమే వేసి వేయించిన బంగాళాదుంప, మా మాటలో ఉర్లగడ్డ. అప్పడం, అదీ విరగనిది. ఒక రకం బిస్కెట్టు, అదీ పాకెట్టు మీద ఆవు బొమ్మ ఉంటేనే. మొన్నామధ్య ఆ కంపెనీవాళ్ళకు ఏం తోచిందో, ఆవును తీసేసి పువ్వు పెట్టారు. కాబట్టి నాలుగు.

రుచి, వాసన, చేతికి తగిలే మెత్తదనం ఆమెకు మనకన్నా ఎన్నో రెట్లు గట్టిగా తెలుస్తాయని డాక్టరమ్మ చెప్పింది. నేను తొమ్మిదో తరగతితో బడి మానినదాన్ని. ఆ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మా బంధువులకు ఆరు నిమిషాలు కూడా అక్కర్లేదు. వాళ్ళు డాక్టరమ్మను చూడకుండానే ఆమె తప్పులు దిద్దగలరు.

మా అత్తకు అక్క అయిన చిక్కమ్మ చెప్పే వైద్యం చాలా సులువు. "రెండు పూటలు కడుపు మాడ్చు, మూడో పూట రాగిముద్ద కూడా మింగుతాది" అంటుంది. ఒకసారి తళి నుంచి హోసూరుకు బస్సులో వస్తున్నాం. బీన్సు మూట ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దావిడ గౌరిని అరగంట చూసి, "కడుపుతో ఉన్నప్పుడు నువ్వేం తినింటివి?" అని నన్ను అడిగింది. చూశారా? ముక్కూ మొహం తెలియని మనిషి, టికెట్టు తన డబ్బుతో కొనుక్కుని, నా కడుపు గురించి ఆలోచించింది! ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది ఈ సేవ?

ఇక వేప్పనపల్లి విందు సంగతి. మా ఆయన పెదనాన్న పాపన్న మామ ఇంట్లో మనవరాలికి చెవులు కుట్టించారు. బంతిలో అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. నేను గౌరి ముందు డబ్బా తెరిచాను. లోపల రెండు ఇడ్లీలు. మా వైపు విందులో సొంత డబ్బా తెరవడమంటే, పెట్టేవాళ్ళ మొహం మీద తలుపు వేయడమే. అది తెలిసే తెరిచాను.

పాపన్న మామ పాయసం బకెట్టుతో మా ముందు ఆగాడు.

"ఏమ్మా, మా ఇంట్లో కూడు లేదని తెచ్చుకొనొచ్చినావా?"

"అట్ల కాదు మామా. బిడ్డ వేరేది తినదు."

"పెట్టకపోతే యాడ తింటాది? నువ్వు పక్కకు జరుగమ్మా."

ఒక్క గరిటె. నిండా ప్రేమ, జీడిపప్పు. పాయసం సరిగ్గా ఇడ్లీల మీద పడింది. గౌరి చెవులు మూసుకుని నా కొంగు కిందికి దూరింది. బంతిలో ఉన్నవాళ్ళంతా లేవకుండానే తలా ఒక సలహా ఇచ్చారు. ఆ రోజు నుంచి గౌరి ఇడ్లీ వాసన వస్తే చాలు, వంటగది వదిలి పారిపోయేది. కాబట్టి మూడు.

అయినా నేను మామను తప్పు పట్టను. ఆయన మంచివాడు. మంచివాళ్ళు పాడుచేసినది బాగుచేయడమే కష్టం.

తర్వాతి నెలలో నాకు డెంగీ వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అప్పుడు తెలిసింది మా వాళ్ళ విలువ. ఫ్యామిలీ గ్రూపులో మొదటి రోజే నలభై ఒక్క మెసేజీలు వచ్చాయి. బొప్పాయి ఆకు నాకు, బీట్‌రూటు రసం గౌరికి, మా ఇద్దరికీ కలిపి ఎర్ర దారం. ఎనిమిది మంది మంచం చుట్టూ నిలబడి పిల్లను ఎలా పెంచాలో నాకు చెప్పారు. పిల్ల ఆ పూట ఏం తిన్నదని అడగడానికి పాపం వాళ్ళకు సమయం దొరకలేదు.

రెండో రోజు పొద్దున మా ఆయన యతీశ్ ఫోన్ చేశాడు.

"నిన్నటి నుంచి ఉత్త నీళ్ళే తాగతా ఉంది. అమ్మ పెట్టిన పెరుగన్నం తోసేసింది."

మా అత్త కెంపమ్మ ఫోన్ లాక్కుంది. "బిడ్డ చిక్కిపోయిందని రెండు స్పూన్లు రాగిపిండి కలిపినానమ్మా. ఉత్త తెల్లన్నంలో ఏం బలం ఉంటాది? ఆ విరిగిన ప్లాస్టిక్ ప్లేటు కూడా ఎత్తి పెట్టేసి, కొత్త స్టీలు తట్టలో పెట్టినాను."

కాబట్టి రెండు. చేతికి సెలైన్ సూది ఉండగా వేళ్ళు లెక్కపెట్టడం కష్టం, కానీ రెండే కాబట్టి కుదిరింది.

ఇక్కడే నా వాదన పాడైంది. పాడుచేసింది మత్తిగిరిలో మా లైను ఇళ్ళలో పక్క వాటాలో ఉండే తమిళ్‌సెల్వి. ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చి, సంగతి విని నాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఏ ప్లేట్లో పెట్టాల?"

ఆరేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"నీలం ప్లేటు. అంచు విరిగినది. ఏది పెట్టినా ఒకటి ఇంకోదానికి తగలకూడదు. పెట్టేసి గోడ పక్క తిరుక్కో. చూస్తే తినదు."

"సరే అక్కా. మీరేమన్నా తిన్నారా?"

చూడండి ఎంత బాధ్యత లేని మనిషో! ఆటిజం గురించి ఒక్క అభిప్రాయం లేదు. ఒక్క వీడియో పంపలేదు. ఇలాంటి పక్కింటివాళ్ళుంటే పిల్లలు ఎలా బాగుపడతారు?

అంత ఏమీ ఎరుగని మనిషి కాబట్టే, గౌరి ఇడ్లీ మానేసిందని కూడా తెలియక తన ఇంట్లో మిగిలిన రెండు ఇడ్లీలు నీలం ప్లేట్లో దూరదూరంగా పెట్టింది. గోడ వైపు తిరిగి కూర్చుని తన భోజనం తాను చేసింది. అరగంట తర్వాత నాకు ఒక ఫొటో వచ్చింది. నీలం ప్లేటు. ఖాళీ. కాబట్టి మళ్ళీ మూడు.

నేను ఇంటికి వచ్చేసరికి మా అత్త స్టీలు తట్ట అటక మీదికి ఎక్కించేసింది. గౌరికి పెట్టేసి, గోడ వైపు తిరిగి కూర్చుని, గోడను అడుగుతోంది.

"తినిందా?"

"తింటా ఉంది అత్తా. తిరగొద్దు."

అందుకే సలహాలు ఇచ్చే పెద్దలందరికీ ఈ అరకొర చదువు మనిషి ఇస్తున్న ఒకే ఒక్క సలహా ఇది. మీ వీధిలోనూ విందులకు రావడం మానేసిన తల్లి ఒకరు ఉంటారు. వచ్చినా ఆఖరి బంతిలో, ఒళ్ళో డబ్బా దాచుకుని కూర్చుంటారు. ఆమెకూ జ్వరాలు వస్తాయి. రేపు ఒకసారి ఆమె ఇంటికి వెళ్ళండి. ఏమీ తీసుకెళ్ళకండి, ముఖ్యంగా పాయసం. బిడ్డది ఏ ప్లేటో అడిగి తెలుసుకోండి. ఆమె తిన్నదో లేదో చూసి రండి.