నూకాలు పడవకు పునర్జన్మ

ఒక పెద్ద అడవిని నిలువునా రెండుగా చీలుస్తూ ఒక ఏరు పారేది. ఆ ఏటిమీద పడవ నడిపేది నూకాలు అనే ముళ్ళపంది.

నూకాలు ఒంటిమీదే కాదు, మాటలోనూ ముళ్ళుండేవి. "ఎక్కండి, తోసుకోకండి. తోసుకుంటే గుచ్చుకుంటాయి, తరవాత నన్ననకండి" అనేది. అయినా అందరూ ఆ పడవే ఎక్కేవాళ్ళు. రెండో పడవ లేదు మరి. ఆవలికి దాటిస్తే ఒక దుంపో, గుప్పెడు పళ్ళో చేతిలో పెట్టేవాళ్ళు.

ఏటికి ఇవతలి గట్టు పల్లం. ఏటా వానలు ముదరగానే వరదొచ్చి మునిగేది. అవతలిది మెట్ట. నీటి రంగు మారడం చూసి నూకాలు కుందేళ్ళనూ, ఎలుకలనూ, జింకపిల్లలనూ ముందే మెట్టకు చేర్చేసేది. చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే చేసే పని కాబట్టి ఎవరూ సన్మానమూ చెయ్యలేదు.

పడవ ఆమె అత్తగారి నాటిది. అచ్చమైన టేకు. ఆ వేసవిలో ముక్కు దగ్గర ఒక పలక చిట్లింది. గుగ్గిలం కాచి పూస్తే పదిరోజులు ఆగేది, మళ్ళీ చెమ్మ. వానలు దిగేలోగా ఆ ఒక్క పలకా మార్పించాలనుకుంది.

సరిగ్గా అప్పుడే అడవిలో కొత్త దుకాణం ఒకటి వెలిసింది. 'చిత్రకేతు ప్రాచీన నౌకా పునరుజ్జీవన కళామందిరం' అని బోర్డు. బోర్డు దుకాణం కన్నా పొడుగు. యజమాని చిత్రకేతు వడ్రంగిపిట్ట. పేరులోనే వడ్రంగి ఉన్నవాణ్ణి పట్టుకుని పని వచ్చా అని అడగడం మర్యాద కాదని అడవి అడవంతా ఊరుకుంది.

నూకాలు పడవను అక్కడికి తోలుకెళ్ళింది.

"బాబూ, ముక్కు దగ్గర ఒక పలక మార్చాలి."

చిత్రకేతు ఎర్రజుట్టు ఎగదువ్వుకుని పడవ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. టక్ టక్ మని రెండుచోట్ల పొడిచాడు. చెవి ఆనించి విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"నూకాలమ్మగారూ, మీ పడవ ఏడుస్తోంది."

"చెమ్మ బాబూ. అందుకే గదా తెచ్చాను."

"పలక మార్చడం అన్నది చాలా చిన్నమాట. ఆ పని చేసేవాళ్ళు వేరే ఉంటారు. మేం పడవ ఆత్మను పట్టుకుని, దానికి దేహం తొడుగుతాం."

"దేహం ఉంది గదా బాబూ? ఒక్క పలకే..."

"అదే మీకు తెలియనిది" అన్నాడు చిత్రకేతు జాలిగా. అంత జాలి చూసేసరికి తనకు నిజంగానే ఏదో తెలియదేమోనని నూకాలుకు అనుమానం వచ్చింది. ఆ అనుమానంలో ఉండగానే ఒక బాదం ఆకు ముందుకు జరిపాడు. మీద నాలుగు పెద్ద అక్షరాలు, కింద చీమ బారు లాంటి రాత.

"ఈ చిన్నరాత ఏటి బాబూ?"

"అది అలంకారం."

నూకాలు కాలిముద్ర వేసింది. నేరేడు పళ్ళు రాలేనాటికి పడవ ఇస్తానన్నాడు.

పది రోజులకు చూడబోతే పడవకు పైచెక్కలు లేవు. "ఊపిరి పీల్చుకుంటోంది" అన్నాడు చిత్రకేతు. ఇంకో పది రోజులకు పక్కచెక్కలూ లేవు. "ధ్యానంలో ఉంది" అన్నాడు. మూడోసారి వెళ్ళేసరికి పడవే లేదు.

"నా టేకు పలకలేవి?"

"చెదపట్టాయమ్మా. పారేశాం."

"నా పడవకు చెదా? నేను రోజూ తుడుచుకునేదాన్ని. ఎప్పుడూ కనబడలేదే!"

"కనబడితే అది చెద ఎందుకవుతుంది?"

నేరేడు పళ్ళు రాలాయి. కుళ్ళాయి కూడా. ఆకాశం నల్లబడ్డాక ఒకనాడు చిత్రకేతు డప్పులతో పడవను ఏటి ఒడ్డుకు తెచ్చాడు.

పడవ చూడముచ్చటగా ఉంది, కాదనలేం. ముక్కుకు నెమలి తల. పక్కల పసుపూ నీలమూ రంగులు. కూర్చునే చోట పూల చెక్కడం. కుందేళ్ళు చప్పట్లు కొట్టాయి. నూకాలు మాత్రం గోటితో పక్కచెక్కను గీరింది. గోరు వెన్నలోకి దిగినట్టు దిగింది.

"ఇది బూరుగు గదా బాబూ! దిండ్లలోకి దూది ఇచ్చే చెట్టు."

"తేలిక కలప. తేలికైనది తేలుతుంది. శాస్త్రం."

నూకాలు స్నేహితుడు దాలయ్య అని ఒక నీటికుక్క ఉండేవాడు. నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే పెరిగినవాడు, మాటలు తక్కువ. బుడుంగున మునిగి పడవ అడుగు చూసి పైకి తేలాడు.

"అప్పా, అడుగున పదమూడు బెజ్జాలున్నాయి."

"బెజ్జాలు కావవి!" చిత్రకేతు రెక్కలు విదిలించాడు. "ప్రతి కళాకారుడూ తన కృతిమీద సంతకం పెడతాడు. నా సంతకం అలాగే ఉంటుంది."

"సంతకం నీళ్ళ పైన పెట్టొచ్చు గదా?" అన్నాడు దాలయ్య.

"నేను ప్రచారం కోరుకునేవాణ్ణి కాదు."

నూకాలు పడవ తీసుకోనంది. ఆకుమీద చీమబారు రాతలో 'పడవ నచ్చలేదనే హక్కు పడవ యజమానికి లేదు' అని ఉందన్నాడు చిత్రకేతు. మాటా మాటా పెరిగింది. నూకాలు ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. డప్పులవాళ్ళు డప్పులు వదిలేసి పారిపోయారు. చివరికి తగవు అడవి సభకెక్కింది.

సభాధ్యక్షుడు జాంబయ్య అనే ఎలుగుబంటి. పెద్దమనిషి. ఏ తగవులోనైనా రెండువైపులా వింటాడని పేరు. రెండు చెవులు ఉన్నందువల్ల వినక తప్పేది కాదు. ఆ నెలలోనే సభకు కొత్త వేదిక కట్టారు. నూకాలు దానిముందు నిలబడి ఫిర్యాదు మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. వేదిక పలకలమీద పడవ తోసే గెడ ఒరిపిడికి పడ్డ గాడి. గాడి పక్కన తన అత్తగారు పళ్ళతో కొరికిన గుర్తు. తన పడవను తను గుర్తుపట్టదా!

"అయ్యా, తమరు కూర్చున్నది నా పడవమీద."

సభలో గుసగుసలు. జాంబయ్య కిందికి చూసుకున్నాడు. పలకలు గట్టిగా, వెచ్చగా, తన బరువుకు కిర్రుమనకుండా ఉన్నాయి.

"చిత్రకేతుగారు సభకు భక్తితో సమర్పించిన వేదిక ఇది" అన్నాడు. "ఫిర్యాదు పడవ గురించి. వేదిక గురించి కాదు. విషయం దాటొద్దు. పడవ మునిగిందా?"

"లేదయ్యా. ఎవర్నీ ఎక్కించలేదు."

"మునగని పడవమీద ఫిర్యాదేమిటమ్మా?"

"మునిగాక ఫిర్యాదు ఇయ్యడానికి ఎవరు మిగుల్తారయ్యా?"

జాంబయ్యకు ఈ ప్రశ్న నచ్చలేదు. నచ్చని ప్రశ్నలు వచ్చినప్పుడు నిపుణుణ్ణి వెయ్యడం సభ ఆనవాయితీ. కలప వ్యవహారాల్లో అడవి మొత్తానికి సూక్ష్మయ్యను మించిన అనుభవజ్ఞుడు లేడు. సూక్ష్మయ్య చెదపురుగు. కుటుంబ సమేతంగా వచ్చి బాధ్యత స్వీకరించాడు.

"పైపైన చూసి చెప్పేవాణ్ణి కాను" అన్నాడు వినయంగా. "లోపలికంటా వెళ్ళి పరిశీలిస్తాను."

మూడు వారాలు పరిశీలించాడు. వెళ్ళినప్పుడు ఆవగింజంత ఉన్నవాడు పెసరగింజంత అయి బయటికి వచ్చాడు. నివేదిక చదివాడు.

"కలప రుచి అమోఘం. క్షమించాలి, నాణ్యత అమోఘం. పడవ పూర్తిగా సురక్షితం. ఇంకా లోతైన పరిశీలన అవసరం."

తీర్పు వచ్చింది. పడవ భేషుగ్గా ఉంది. నూకాలు చిత్రకేతుకు క్షమాపణ చెప్పి, తృప్తి పత్రంమీద కాలిముద్ర వెయ్యాలి.

"వెయ్యను" అంది నూకాలు.

ఈలోపు ఏటి నీళ్ళు ఎర్రబడ్డాయి. పైన కొండల్లో కుండపోత. నూకాలుకు తృప్తి పత్రం కాదు, పల్లపు గట్టుమీద ఉన్న పిల్లల గోల పట్టుకుంది. "అయ్యా, తగవు తరవాత చూసుకుందాం. నాలుగు పలకలు విప్పి ఇయ్యండి, తెప్ప కట్టుకుంటాను" అని అడిగింది. వేదికను విప్పితే సభ ఎక్కడ కూర్చుంటుందని జాంబయ్య అడిగాడు. దానికి ఆమె దగ్గర సమాధానం ఉంది కానీ, పెద్దవాళ్ళని ఊరుకుంది.

చిత్రకేతు ఈ సందు చూసుకున్నాడు. అడవిలోని తొట్లూ, ఊయలలూ, వంతెనలూ అన్నీ పునరుజ్జీవింపజేసే అధికారం తన మందిరానికే ఇవ్వాలని చాన్నాళ్ళుగా అతని కోరిక. లేచి చేతులు జోడించాడు, అంటే రెక్కలు జోడించాడు.

"అపనిందకు ఒకటే మందు. అధ్యక్షులవారు స్వయంగా ఈ పడవలో విహరించి లోకానికి చూపించాలి. నేనూ వస్తాను. నిపుణులూ వస్తారు."

"వద్దయ్యా" అంది నూకాలు. "మీమీద నాకు కోపమున్నా చెబుతున్నాను. ఎక్కొద్దు."

"చూశారా అసూయ!" అన్నాడు చిత్రకేతు.

మర్నాడు మధ్యాహ్నం సభ మొత్తం ఒడ్డుకు తరలింది. జాంబయ్య మెడనిండా కదంబ పూల దండలు. ఆయన కాలు పెట్టగానే పడవ జానెడు కిందికి దిగింది. "హుందాగా ఉంది" అన్నాడు సూక్ష్మయ్య. ఇప్పుడతను పడవలోపలి నుంచే మాట్లాడుతున్నాడు, ఎక్కడినుంచో తెలియదు.

ఏటి నడిమికి వెళ్ళాక పదమూడు సంతకాలూ ఒక్కసారిగా చిమ్మాయి.

"ఏమిటిది?" అన్నాడు జాంబయ్య.

"జలయంత్రాలు" అన్నాడు చిత్రకేతు. "అధ్యక్షుల గౌరవార్థం."

నెమలి తల ఊడి ముందుగా వెళ్ళిపోయింది. తరవాత అడుగు మొత్తం తడిసిన అప్పడంలా విడిపోయింది. చిత్రకేతు తన కళమీద పూర్తి నమ్మకం ఉన్నవాడే గానీ, రెక్కలమీద ఇంకా ఎక్కువ నమ్మకం ఉన్నవాడు. చెట్టెక్కి కూర్చున్నాడు. జాంబయ్య దండలతో సహా వరదలో పడ్డాడు.

ఈ విహారం ఎలాగూ సాగదని తెలిసిన నూకాలు ఒడ్డున చూస్తూ కూర్చోలేదు. సభ అటు కదలగానే ఆమె, దాలయ్య ఇటు ఖాళీ వేదిక దగ్గరికి పరుగెత్తారు. పలకలు ఊడబెరికారు. అడ్డతీగలతో కట్టారు. పల్లపు గట్టుమీద కుందేలు బొరియల్లోకి అప్పటికే నీళ్ళు వస్తున్నాయి.

"ఒకళ్ళ తరవాత ఒకళ్ళు! తోసుకుంటే గుచ్చుకుంటాయి!"

ఆరుసార్లు దాటించింది. ఎలుకలు, కుందేళ్ళు, జింకపిల్లలు, ఒక ముసలి తాబేలు. తాబేలుకు ఈదడం వచ్చునని మధ్యలో గుర్తొచ్చినా దించెయ్యలేదు. ఆరోసారి తిరిగివస్తుంటే ఎర్రనీళ్ళలో నల్లటి గుట్ట ఒకటి కొట్టుకొస్తూ కనిపించింది. దాలయ్య మునిగి వెనకనుంచి తోశాడు. నూకాలు గెడ అందించింది. జాంబయ్య తెప్పమీదికి పాకి, చాలాసేపు నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి పలకలమీద గాడి చూశాడు. ఎక్కడో చూసినట్టుంది.

"ఇది మా వేదిక కదూ?" అన్నాడు.

"కూర్చోండయ్యా" అంది నూకాలు. "మీకు అలవాటైన చోటే."



ఒళ్ళు ఆరాక సభ కూడింది. మునక మీద విచారణ జరిపారు. నివేదికలో పడవ సురక్షితమని ఉంది కాబట్టి పడవ మునగలేదని, ఏరే పైకి లేచిందని తేల్చారు. వేదికను పడగొట్టినందుకు నూకాలును మందలించారు. ఆమె మందలింపును నిలబడి విని, "మరి పొద్దున్నే అవతల పిల్లలకు దుంపలు చేరెయ్యాలయ్యా" అని సగంలో వెళ్ళిపోయింది. తెప్పను అడవి ఆస్తిగా స్వాధీనం చేసుకోవాలని తీర్మానం కూడా చేశారు. స్వాధీనం చేసుకోవడానికి ముళ్ళ మధ్యకు వెళ్ళే భటుడు మాత్రం దొరకలేదు.

చిత్రకేతు కోరిన అధికారం అతనికి దొరికింది. అయితే తడిసిన జాంబయ్యకు చెట్టుమీద పొడిగా కూర్చున్న ఎర్రజుట్టు బాగా గుర్తుంది. అంత పెద్ద అధికారానికి తగిన పర్యవేక్షణ ఉండాలంటూ ఒక చెక్కముక్క పట్టుకుని ఒడ్డుకు చేరిన సూక్ష్మయ్యను కళామందిరానికి శాశ్వత తనిఖీదారుగా నియమించాడు. కుటుంబ సమేతంగా నివాసం అక్కడే.

నెల తిరిగేసరికి చిత్రకేతు సభముందుకు పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా, నా మందిరం కూలిపోయింది! గోడలు లేవు, కప్పు లేదు, బోర్డు కూడా తినేశారు!"

"నివేదికలో దృఢంగా ఉందని ఉందే?" అన్నాడు జాంబయ్య ఆకు తిరగేస్తూ.

"అయ్యా, నేను పిట్టను. వాళ్ళు పురుగులు. నా దినభోజనం వాళ్ళే! ఒక్కమాట అనుమతిస్తే..."

"విధుల్లో ఉన్న అధికారిని తినడం నేరం" అన్నాడు జాంబయ్య. "కావాలంటే ఫిర్యాదు ఇవ్వు. నిపుణుణ్ణి వేస్తాం."

ఏటి మీద నూకాలు తెప్ప ఇప్పటికీ నడుస్తోంది. చూడ్డానికి బొత్తిగా బాగుండదు. జాంబయ్య కూడా మళ్ళీ ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు.

నీతి: చెక్కను నమ్ముకుంటే ఏరు మాత్రమే దాటగలరు, నివేదికను నమ్ముకుంటే అధ్యక్షులు కాగలరు.