ఘాటు లేని దిష్టి

ఆ రోజు శ్రీరమ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పాప అన్వితకు ఇడ్లీ తినిపించాలి, చీర కట్టుకోవాలి, బుడాన్ ఆటో ఎక్కి పర్చూరు వెళ్ళాలి, అసెంబ్లీ మొదలయ్యేలోపు బడిలో ఉండాలి. పదో తరగతికి సైన్సు చెప్పే మాస్టారు పరీక్షల ముందు మానేస్తే, ఆ ప్రైవేటు బడి కరస్పాండెంటు గారు ఆమెకు కబురు పెట్టారు. "అసెంబ్లీకల్లా రావాలమ్మా. రాకపోతే ఇంకో అమ్మాయి ఉంది" అని ఆయన ఫోన్లో అన్న మాట అప్పట్నుంచీ చెవి దగ్గర దోమలా తిరుగుతూనే ఉంది. బీయెస్సీ, బీయీడీ చదివి, ఆ ఇంటి గడప దాటి ఉద్యోగానికి వెళ్ళబోతున్న మొదటి కోడలు ఆమె. మొదటివాళ్ళకు ఉండాల్సిన భయాలన్నీ ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద భయం అత్తగారు వెంకటరావమ్మ. ఆవిడ వద్దని ఉంటే వాదించవచ్చు. వద్దనలేదు. "నీ ఇష్టమమ్మాయ్" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఎటు తిరిగి ఎటొస్తుందో అని వారం రోజులుగా శ్రీరమ్య లెక్కలు వేసుకుంటూనే ఉంది.

చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతుంటే అత్తగారు పిలిచింది.

"ఆగమ్మాయ్. కొత్త చీర కట్టావు, నలుగురి కళ్ళూ పడతాయి. దిష్టి తీసి పంపిస్తా."

వెంకటరావమ్మ వంటింటి డబ్బాలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు, కాసిని ఉప్పురాళ్ళు తీసి, కోడలి చుట్టూ తిప్పి, పెరట్లో నీళ్ళపొయ్యి నిప్పుల్లో పడేసింది. దిష్టి లేకపోతే కాయలు కమరి ఘాటొస్తుంది, అందరూ దగ్గి చస్తారు. ఘాటు రాలేదంటే దిష్టి తగిలినట్టే. ఆ ఊళ్ళో పలకాబలపం పట్టనివాళ్ళకు కూడా తెలిసిన లెక్క ఇది.

ఎవరూ దగ్గలేదు. వేరుశెనక్కాయలు కాల్చినట్టు కమ్మటి వాసన వచ్చింది.

"అమ్మో!" అంది వెంకటరావమ్మ, గుండె మీద చెయ్యేసుకుని.

శ్రీరమ్యకూ భయం వేసింది. దిష్టికి కాదు, డబ్బాకి. అత్తగారి కడుపులో పుండు ఉందనీ, కారం తగ్గించమనీ డాక్టరు చెప్పి చాలాకాలమైంది. "తేజ కాయ పండించే ఇంట్లో బాడిగ కాయ తినమంటావా? అది రంగుకే గాని నోటికి పనికొస్తుందా?" అని ఆవిడ డాక్టరు ముందే దులిపేసింది. అందుకని కిందటి నెలలో శ్రీరమ్య డబ్బాలో మంటెత్తించే తేజ కాయలు తీసేసి, కారం, ఘాటు లేని బాడిగ కాయలు గుట్టుగా పోసింది. అత్తగారి కళ్ళకు ఎటూ శుక్లాలు. ఆవిడ గుర్తుపట్టలేదు సరిగదా, "ఈ ఏడు మన కాయ పులుసుకి భలే కుదిరిందే" అని మెచ్చుకుంది కూడా.

ఇప్పుడు నిజం చెబితే, చంటిపిల్లను అప్పగించి వెళ్ళే రోజునే అత్తగారిని నెలంతా మోసం చేశానని ఒప్పుకోవాలి. చెప్పకపోతే దిష్టి.

"ఆటో వస్తుంది అత్తయ్యా, సాయంత్రం తీద్దురుగాని."

"ఇంత దిష్టితో నిన్ను రోడ్డు మీదకి పంపనా? ఉండు, మళ్ళీ తీస్తా."

ఈసారి రెండు గుప్పెళ్ళు. కమ్మటి వాసన రెండింతలైంది. గోడవతల నుంచి పక్కింటి శివపార్వతి తల ఎత్తి చూసింది.

"ఏం వేయిస్తున్నారు వదినా? నోరూరిపోతోంది."

వెంకటరావమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "నిన్న సాయంత్రం మా కోడలి చీరని మెచ్చుకుంది నువ్వే కదూ, పార్వతీ?"

"చీర బాగుందన్నాను. బాగుంటే బాగుందనకుండా చిరిగిందనమంటారా?"

"అన్నావుగా. ఇదిగో, ఘాటే లేదు."

"అంటే నా కళ్ళు అలాంటివనా? తప్పుకోండి, నా చేత్తో నేనే తీసి చూపిస్తా!"

శివపార్వతి గేటు తోసుకుని వచ్చి, అదే డబ్బాలోంచి దోసెడు కాయలు తీసి, పళ్ళు కొరుకుతూ తిప్పి నిప్పుల్లో పోసింది. పొయ్యి మీదకి వంగి గట్టిగా పీల్చింది. తుమ్ము కూడా రాలేదు. ఆమె ముఖంలో కోపం పోయి నెత్తురు లేకుండా అయింది.

"వదినా, ఇది కంటి దిష్టి కాదు. ఎవరో ఏదో చేయించారు. వినుకొండ అవతల తాయెత్తులు కట్టే ఆయన ఉన్నాడు, ముందు అక్కడికి వెళ్ళండి."

సరిగ్గా అప్పుడే అన్వితకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. శ్రీరమ్య పాపను ఎత్తుకుని నీళ్ళు పట్టింది. ఎక్కిళ్ళు ఆగలేదు. డబ్బాలో ఉన్నవి బాడిగ కాయలని ఆ పెరట్లో తెలిసింది తనొక్కదానికే. తెలిసి కూడా, సైన్సు చెప్పబోయే ఆ మనిషి చెయ్యి తనంతట తనే పాప నుదుటి మీదకి పోయింది. ఒళ్ళు వెచ్చగా ఉందేమో. ఉన్నట్టే ఉంది.

వీధిలో ఆటో హారను మోగింది. సంగతేమిటో చూద్దామని లోపలికొచ్చిన బుడాన్ విని, వచ్చిన దారినే రెండడుగులు వెనక్కి వేశాడు.

"మేడం, ఏమనుకోవద్దు. మొన్ననే కొత్త అద్దం వేయించా. మీరు ఇంకో ఆటో చూసుకోండి."

"బుడాన్, నువ్వు కూడానా!"

"నాకు నమ్మకం లేదు మేడం. అద్దానికే కొంచెం ఉంది."

ఈలోగా శ్రీరమ్య భర్త కోటేష్ కల్లం నుంచి బండి మీద వచ్చాడు. గుంటూరు యార్డులో చూపించడానికి ఆరబెట్టిన తేజ కాయ మచ్చు చిన్న సంచిలో కట్టి తెచ్చాడు. నలుగురూ ఒకేసారి చెప్పిందంతా విని ఆకాశం వంక చూశాడు. అక్కడ అరచేతంత మబ్బు ఉంది.

"అమ్మా, కాయంతా కల్లంలో పరిచి ఉంది. వాన పడితే?"

"అందుకేరా అంటున్నా. ఈ పూట కోడలు గడప దాటకూడదు."

"ఇవాళ్టికి మానెయ్ రమ్యా" అన్నాడు కోటేష్, మబ్బు మీంచి కళ్ళు తిప్పకుండానే.

శ్రీరమ్య ఫోను మోగింది. కరస్పాండెంటు గారు. "ఏమ్మా, బయల్దేరావా? ఆ రెండో అమ్మాయి వచ్చి బయట కూర్చుంది. ఏ సంగతో ఇప్పుడే చెప్పు."

"వస్తున్నానండీ. దారిలో ఉన్నా" అంది. ఇవాళ ఆగితే ఇంకెప్పటికీ ఆగినట్టేనని ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఆ భయం ముందు మిగతా భయాలన్నీ చిన్నబోయాయి.

"పిన్నీ, పాపని తీసుకుని మీ ఇంట్లోకెళ్ళి తలుపులన్నీ వేసుకోండి" అని అన్వితను శివపార్వతి చేతిలో పెట్టింది. "అత్తయ్యా, ఆఖరుసారి తీయండి. ఈసారి కూడా ఘాటు రాకపోతే నేనే మానేస్తాను."

వెంకటరావమ్మ ధీమాగా డబ్బా అందుకుంది. తిప్పడం అయింది. ఆవిడ కాయలు నిప్పుల్లో వేసి పక్కకు తిరగగానే, శ్రీరమ్య బండి మీది మచ్చు సంచి విప్పి మొత్తం పొయ్యిలో బోర్లించింది.

ముందు ఏమీ కాలేదు. తరవాత చాలా అయింది. కోళ్ళు గోడ దూకాయి. కోటేష్ గేటు ఎటుందో వెతుక్కుంటూ బోరింగుని కౌగిలించుకున్నాడు. బుడాన్ దగ్గుతూ కూలబడి, కండువా మొహానికి చుట్టుకుని, "వచ్చేసింది మేడం, ఘాటొచ్చేసింది!" అని అరిచాడు. వీధిలో ఈ చివర మొదలైన దగ్గు ఆ చివరిదాకా వెళ్ళింది. తలుపులేసుకున్నా శివపార్వతి దగ్గు గోడవతల నుంచి వినబడుతూనే ఉంది.

వెంకటరావమ్మ స్తంభం పట్టుకుని, ఊపిరి తిప్పుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ కోడలి మీద ఇంతెత్తున లేచింది.

"ఇంత ఘాటు ఎక్కడిదే! డబ్బాలో ఉన్నవి బాడిగ కాయలు కదే!"

దగ్గులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"మీకు తెలుసా అత్తయ్యా?" అంది శ్రీరమ్య.

"నువ్వు డబ్బాలో కాయలు మార్చిననాడు నేను నిద్రపోలేదే. కళ్ళు మూసుకున్నానంతే. కడుపు మంట తగ్గింది గదా అని నోరు మూసుకున్నా."

"మరి ఇవాళ..."

వెంకటరావమ్మ అరుగు మీద కూలబడింది. ఇప్పుడు కారేది పొగ నీళ్ళు కాదు. "భయమే అమ్మాయ్. మొన్న పాప పాక్కుంటూ ఇదే పొయ్యి దగ్గరికి వచ్చింది. లేద్దామంటే మోకాళ్ళు లేవలేదు. నువ్వు వచ్చి ఎత్తుకున్నావు కాబట్టి సరిపోయింది. రోజంతా ఒక్కదాన్నీ దాన్ని పట్టుకోలేనని నీకెలా చెప్పను? చదువుకున్న పిల్ల, మా వల్ల ఆగిపోయిందంటారు. ఆగింది దిష్టి వల్ల అయితే ఎవరికీ మాట రాదు కదా అనుకున్నా."

శ్రీరమ్యకు కోపం రావాలి. నెల రోజులుగా ఈవిడకు భయపడి తాను సరిగ్గా నిద్రపోలేదు. ఆవిడా నిద్రపోలేదన్నమాట. నవ్వబోతే దగ్గు వచ్చింది.

"అంటే నా కళ్ళది ఏ తప్పూ లేదన్నమాట!" పాపను చంకనేసుకుని శివపార్వతి గోడ మీంచి ప్రత్యక్షమైంది. "వేసిన నిందకి జరిమానా కట్టాల్సిందే వదినా. రేపట్నుంచి పొద్దున్నే మీ ఇంటికొచ్చి కూర్చుంటా. పిల్లని నేను చూస్తా, కాఫీ మీరు పెట్టాలి. నాకూ ఇంట్లో గోడలు చూసి చూసి విసుగొస్తోంది."

"పెడతానులే. ముందు ఆటో తియ్యరా బుడాన్" అంది వెంకటరావమ్మ లేస్తూ. "నేనూ వస్తా. ఆలస్యం నా వల్లనే అయిందని ఆ పెద్దమనిషికి నేనే చెబుతా."

పాప ఎక్కిళ్ళు ఎప్పుడు ఆగాయో ఎవరూ చూడలేదు. కోటేష్ కల్లానికి పోగా, మిగతా అందరూ పాపతో సహా ఆటో ఎక్కారు. బడికి చేరేసరికి అసెంబ్లీ అయిపోయింది, వరండాలో రెండో అమ్మాయి సర్టిఫికెట్లు సర్దుకుంటోంది. కరస్పాండెంటు గారు తలెత్తి చూస్తే, గుమ్మంలో ముగ్గురు ఆడవాళ్ళు, ఓ ఆటో డ్రైవరు ఎర్రటి కళ్ళతో ధారలుగా కన్నీళ్ళు కారుస్తూ నిలబడి ఉన్నారు.

"అయ్యా" అని వెంకటరావమ్మ మొదలుపెట్టబోయి, దగ్గొచ్చి, చేతులు జోడించింది.

ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు. "ఊరుకోండమ్మా, ఊరుకోండి! ఉద్యోగం కోసం ఇంత ఏడుస్తారా? ఇచ్చాం. ఇవాళే క్లాసుకి వెళ్ళమనండి." రెండో అమ్మాయిని వచ్చే ఏడాది కనబడమన్నాడు.

శ్రీరమ్య కళ్ళు తుడుచుకుని జీతం ఎంతని అడిగింది. ఈసారి కళ్ళ నీళ్ళు పెట్టుకోవడం ఆయన వంతయింది.