బోడకుంట హాల్టు ఘన చరిత్ర

"బోడకుంట హాల్టు మూతపడుడు ఎన్క అంతర్జాతీయ కుట్ర ఉన్నది," అని మాజీ లీడర్ మహేశ్వరన్న చేవెళ్ల ప్రెస్‌మీట్‌ల సెలవిచ్చిండు. "పదవి లేకున్న సరే, ప్రాణం పెట్టైనా అక్కడ రైలు ఆపిస్త."

టీవీల ఆ మాట విని అందరికన్న ఎక్కువ సంబురపడ్డది అంతమ్మ. హాల్టు పక్కన అరెకరంల ఆకుకూరలు పండిస్తది. పట్నం తీస్కపోతే వచ్చిందంత ఆటో కిరాయికే పాయె. బండి ఆగితే గంప పెట్టుకొని కూసుంటే చాలు, లింగంపల్లిల దిగొచ్చు.

అన్న మాట మీద నిలబడే మనిషి. ముందుగాల చరిత్ర కమిటీ వేసిండు. పాపం కమిటీ శానా తండ్లాడి, నవాబులు వేటకొచ్చి ఈ ప్లాట్‌ఫారం మీదనే చాయ్ తాగిండ్రని తేల్చింది. "ఏ నవాబు?" అని విలేకరి అడిగిండు. "అందరు," అన్నడు అన్న. హాల్టు గోడలకు పార్టీ రంగు పడ్డది.

అంతమ్మ జర దగ్గరికి పోయింది. "బండి ఆగుతదా పటేలా?"

"చరిత్రే ఆగింది, బండి ఎంత అవ్వా?"

ఒక్కనాడు ఆపి చూస్తమని, జనం దిగితేనే రోజూ ఆపుతమని రైల్వే ఆఫీసర్ ఒప్పుకున్నడు. అన్న వికారాబాద్‌ల కార్యకర్తలతోని రైలెక్కిండు. అంతమ్మ కొత్తిమీర కోసి, కట్టలు కట్టి, తడిబట్ట కప్పి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డది. డప్పులు మోగుతున్నయి.

దూరంగ బండి కనబడ్డది. కనబడి అక్కడనే ఆగింది. ఆడ పట్టాల పక్కనే అన్న ఫామ్‌హౌస్. లోపట దావత్ ఉన్నది. హాల్టు దాకా పోయి ఎండల మళ్ల ఎన్కకు నడుచుడెందుకని ఎవరో చైన్ గుంజిండ్రు. ముందు అన్న దిగిండు, ఆయన ఎన్క జనమంత దిగిండ్రు.

తర్వాత బండి హాల్టుకొచ్చింది. నరమానవుడు దిగలే. ఆఫీసర్ అటిటు చూసి జెండా ఊపిచ్చిండు. అంతమ్మ గంప నెత్తికెత్తుకునే లోపట బండి కదిలింది.

జర సేపటికి అన్న కార్యకర్తలతోని కార్ల వచ్చిండు. తిన్న చెయ్యి ఇంక కడుక్కోలేదు. ఎడమ చేత్తోని మైకు అందుకొని గంభీరంగ అడిగిండు. "ఇక్కడ జనం ఎందుకు దిగలేదు? దీని ఎన్క ఎవరున్నరు?"

అంతమ్మ గంప కింద పెట్టి ముందుకొచ్చింది.

"మీ నాయన గూడ అప్పట్ల హాల్టు రాకముందే బండి దిగి, గిట్లనే అడిగిండు పటేలా," అన్నది. "తెల్లారి రైల్వేవోళ్లు హాల్టుకు తాళం వేసిండ్రు."

అన్న కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "విన్నరా," అన్నడు మైకుల, "మా నాయన గూడ ఈ హాల్టు కోసం కొట్లాడిండు."

చప్పట్లు మోగినయి.