యువరాజు మోక్రాకు ఏడు ఓట్లు

"మన ఊరు మోక్రావిత్సె అంటే తడినేల అన్న అపవాదు ఈ రోజు నుంచి చెల్లదు!" అని మేయర్ షెబెస్తాగారు బీరుహాల్లో జరిగిన గ్రామసభలో ప్రకటించారు. చెక్ భాషలో మోక్రా అంటే తడి అని బడిపిల్లలకీ తెలుసు. ఏడువందల ఏళ్లుగా ఊరు ఆ తడి పేరుతోనే బతుకుతుంటే ఏ మేయరుకూ చీమ కుట్టినట్టయినా లేదు. షెబెస్తాగారు మాత్రం దిగువ మైదానంలో ఇళ్ల స్థలాలు అమ్మకానికి పెట్టిన వారంలోనే కదిలిపోయారు. ఎంత సున్నితమైన మనసో!

ద్రహోమీరా టీచరమ్మ చెయ్యెత్తింది. గ్రామ చరిత్ర పుస్తకం రాసేది ఆవిడే. సభ తీర్మానించిన ప్రతి ముక్కా ముప్పై ఏళ్లుగా అందులో ఎక్కిస్తోంది.

"మరి అసలు అర్థం ఏమిటండీ?"

"మోక్రా అనే యువరాజు ఇక్కడ గుర్రం దిగాడు."

"ఎవరు చూశారు?"

"ఏడొందల ఏళ్ల నాటి మాటకి సాక్షుల్ని ఎక్కణ్ణించి తెమ్మంటారు టీచరమ్మా? అడగడానికైనా ఓ పద్ధతుండాలి!"

"మొన్న మార్చిలో మంచు కరిగి ఆ మైదానంలో బాతులు ఈదాయి కదండీ?"

"అవి యువరాజుగారు పెంచిన బాతుల సంతతి!"

హాలంతా చప్పట్లు. అనుకూలం ఏడు, వ్యతిరేకం రెండు. పండితులు వందేళ్లు కొట్టుకున్నా తేలని సంగతి గ్లాసులో నురుగు తగ్గేలోపు తేలిపోయింది.

టీచరమ్మ కూతురు ఇవానా మైదానంలో మొదటి స్థలం బేరమాడుకుంది, సంతకమొక్కటే బాకీ. "మేయరు మాట నాకొద్దమ్మా. పుస్తకంలో నువ్వేం రాస్తే అదే నాకు నిజం" అంది పొద్దున. తీర్మానాన్ని రాయకుండా వదలడం, సొంత మాట కలపడం టీచరమ్మ ఎన్నడూ చెయ్యలేదు. ఇప్పుడు తన రాతే కూతుర్ని నీళ్లలోకి తోసేలా ఉంది.

ఇంతలో ఊరి ఫైర్ బృందం నాయకుడు హవ్రానెక్ లేచి రెండో తీర్మానం గబగబా చదివాడు. తొమ్మిదిమంది సభ్యులూ చెయ్యెత్తారు. మేయరుగారివైతే రెండూ లేచాయి.

"అది రాయక్కర్లేదు టీచరమ్మా, చిల్లర సంగతి" అన్నారాయన.

"తీర్మానం తీర్మానమేనండీ" అంది టీచరమ్మ.

ఇంటికెళ్లి రెండు వరుసలు రాసి, పుస్తకాన్ని ఇవానా వైపు తిప్పింది. సంతకానికి కలం తీసి కూర్చున్న ఇవానా చదివింది.

"ఒకటి: మన ఊరి పేరు మోక్రా యువరాజుది. అనుకూలం ఏడు, వ్యతిరేకం రెండు.

రెండు: దిగువ మైదానం నివాసుల కోసం ఫైర్ బృందానికి పడవ కొనాలి. ఏకగ్రీవం."

ఇవానా కలానికి మూత పెట్టేసింది.